లోపావడా మీదున్న కంప్యూటర్

మా తాతయ్య బాసిలియో మా ఊరు బయామోలో ఆడపిల్లల పదిహేనో పుట్టినరోజు ఫొటోలు తీస్తాడు. ఆ ఆల్బమ్ లేని పిల్ల మా వీధిలో ఇంకా పెద్దది కానట్టే లెక్క. పిల్లని మా వరండాలో అరటిగెల పక్కన రకరకాల గౌన్లలో నిలబెడతాడు. తర్వాత కంప్యూటర్లో అరటిగెల చెరిపేసి కోట కడతాడు. నా ఆల్బమ్‌లో కోట కిటికీలోంచి నాన్నమ్మ చీపురు ఇప్పటికీ కనబడుతుంది.

ఆ కంప్యూటర్ వయసులో నాకన్నా పెద్దది. లినక్స్ మీద ఆయన పెట్టుకున్న డెస్క్‌టాప్‌కి, అంటే తెర మీది ముస్తాబుకి, నీడలు, మెరుపులు, ఊగే విండోలు. ఒక ఫొటో తెరుచుకునేలోపు నాన్నమ్మ కాఫీ కాచి, తాగి, గిన్నె కూడా తోమేస్తుంది.

శనివారం మా వీధి పిల్ల యుదైసి పదిహేనో పుట్టినరోజు పండగ. ఆల్బమ్ సగంలో ఆగింది. వాళ్లమ్మ మైలేన్ గుమ్మంలో నిలబడి కేకేసింది.

"బాసిలియో మావయ్యా, శుక్రవారానికి అవ్వకపోతే ఫొటోలు పట్టుకుని పార్కు దగ్గరి కుర్రాడి ఫొటో కొట్టుకి పోతా!"

తాతయ్య మొహం వాడిపోయింది. వీధిలో కోటలన్నీ ఆయన కట్టినవే మరి.

"బరువంతా ఈ డెస్క్‌టాప్‌దే తాతయ్యా. తేలికది పెట్టుకో," అని రెండు రకాలు ఎక్కించాను.

ఆయనకి తెలిసిన ఎంపిక గౌన్ల ఎంపిక ఒక్కటే. కుర్చీ వెనక్కి జరిపి, ఒక కన్ను మూసి, మొదటిదాన్ని, ఎక్స్‌ఎఫ్‌సీఈని, ఎగాదిగా చూశాడు.

"బాగానే ఉంది గానీ, నడుం దగ్గర వదులు."

రెండోది ఐస్‌డబ్ల్యూఎం. అన్నిటికన్నా తేలిక. బూడిదరంగు తెర, కింద ఒక పట్టీ, అంతే.

"ఛీ ఛీ, ఇదేంటే, లోపావడా మీదే బయటికొచ్చేసింది!"

సరే, మొదటిదే ఖాయం చేశాడు. చేసి ఊరుకున్నాడా? దానికి రాలే పూరేకులు, ఎగిరే సీతాకోకలు, అద్దంలాంటి గడియారం తగిలించాడు. సాయంత్రానికి అది మళ్లీ కదలనని మొరాయించింది.

"సన్నబడ్డదాన్ని మళ్లీ మేపుతున్నావా, ముసలోడా?" అంది నాన్నమ్మ.

శుక్రవారం పొద్దున్నే మైలేన్ కూతుర్ని వెంటబెట్టుకుని, ఫొటోలు పట్టుకుపోడానికి ఖాళీ సంచీతో వచ్చి కూర్చుంది. ఇక దారిలేక తాతయ్య లోపావడాకే దిగాడు. పరాయి ఆడవాళ్ల కంట పడకుండా తెరకి వీపు అడ్డం పెట్టి పని మొదలెట్టాడు.

కంప్యూటర్ పరుగందుకుంది! కోట అడిగీ అడగ్గానే వచ్చేసింది. ఇంత సత్తా మిగిలిపోతే వృథా కదా అని తాతయ్య జలపాతం పెట్టాడు. హంసలు పెట్టాడు. నెమళ్లు పెట్టాడు. నేను చెయ్యి పట్టుకుని లాగినా ఆగలేదు.

మధ్యాహ్నానికి ఆఖరి పేజీ పూర్తయింది. చూసి మైలేన్ కళ్లు తుడుచుకుంది. సంచీ మడిచి చంకలో పెట్టుకుంది.

యుదైసి తెర దగ్గరికి వంగి చాలాసేపు వెతికింది. "తాతా, ఇందులో నేనెక్కడ?"

"రెండో నెమలి వెనక, తల్లీ."

"అమ్మా, నేను కనబడట్లేదే!"

"నువ్వెక్కడికి పోతావే, రోజూ ఇంట్లోనే ఉంటావుగా," అంది మైలేన్. "నెమళ్లు రోజూ ఉంటాయా?"