ఒకే ఒక్క ఆప్షన్

డిగ్రీ చివరి సంవత్సరంలో మా జువాలజీ సార్ నాతో అన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన కోప్పడలేదు, తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చాలా మెత్తగా చెప్పారు.

"ఉన్నదున్నట్టు ఆలోచించుకోవాలమ్మా. యూనివర్సిటీ క్యాంపస్‌లో పీజీ సీటంటే మాటలు కాదు. మనలాంటి వాళ్ళకి వచ్చేది కాదు. లేనిపోని ఆశ పెట్టుకుని బాధపడటం ఎందుకు?"

మాది మండవల్లి దగ్గర, కొల్లేటి అంచున ఒక ఊరు. నాన్న చేపల చెరువులు చూసుకునేవారు. నేను రోజూ బస్సులో వెళ్ళి వస్తూ ఏలూరులో ఒక ప్రైవేటు కాలేజీలో చదివాను. పీజీ ఎంట్రన్స్ రాస్తే ర్యాంకు వచ్చింది. అది మంచి ర్యాంకో కాదో నాకు తెలియదు, మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసిన మనిషి సార్ ఒక్కరే అనుకున్నాను. అందుకే ఏ కాలేజీలు కావాలో ఆన్‌లైన్‌లో ఎంచుకునే రోజు ఆయన "వెబ్ ఆప్షన్లు మేమే పెట్టేస్తాం, హాల్‌టికెట్ ఇచ్చి ఫోన్‌కొచ్చిన ఓటీపీ చెప్పండి" అంటే క్లాసంతా వరసలో నిలబడి చెప్పేశాం.

సీట్లు ప్రకటించిన రోజు, మా కాలేజీ యాజమాన్యానిదే అయిన ఇంకో కాలేజీలో నాకు సీటు వచ్చింది. సార్ చెప్పిందే నిజమైందనుకుని సర్దుకున్నాను. ఆ సాయంత్రం తాడేపల్లిగూడెం నుంచి నా క్లాస్‌మేట్ ఫోన్ చేసింది. వాళ్ళ నాన్నగారికి అక్కడ కిరాణా కొట్టు. ఆప్షన్లు పెట్టిన రోజు తను జ్వరంతో కాలేజీకి రాలేదు. తర్వాత కొట్టు పక్కనున్న నెట్ సెంటర్లో సొంతంగా పెట్టుకుంది.

"నాకు క్యాంపస్‌లో వచ్చిందే. నీకూ అక్కడే కదా?"

"నాకెలా వస్తుంది?"

"అదేంటి, ఇద్దరిదీ ఒకటే కేటగిరీ. నా కంటే నీ ర్యాంకే ముందుంది."

మర్నాడు కైకలూరు వెళ్ళి నెట్ సెంటర్లో నా పేజీ తెరిపించాను. ఎన్ని కాలేజీలైనా పెట్టుకోవచ్చు. నా పేరు మీద ఉన్నది ఆ యాజమాన్యం కాలేజీ ఒక్కటే. దాని కిందంతా ఖాళీ.

నాన్న నాతో ఏలూరు వచ్చారు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు.

"ఏవండీ మాస్టారూ, అమ్మాయికి క్యాంపస్‌లో రాదని ఎలా అనుకున్నారండీ?"

"అనుభవమండీ. ఏళ్ళ తరబడి చూస్తున్నాం కదా."

"కిందటేడు అక్కడ ఆఖరి సీటు ఏ ర్యాంకుకి వచ్చిందో చూశారాండీ?"

"అవన్నీ ఎవరు చూస్తారండీ. ఆడపిల్ల దగ్గర్లో ఉంటే మీకే మంచిదని..."

"ఆ సంగతి మమ్మల్ని అడగాలి కదండీ. చేపపిల్లల్ని వదిలే ముందు నేను చెరువు నీళ్ళు పరీక్ష చేయించుకుంటానండీ. చూడకుండానే బతకవని చెప్పేయను."

సార్ కాసేపు బల్ల మీది కాగితాలు సర్దారు. "రెండో విడత ఉందిగా, ఇప్పుడు పెట్టుకోండి" అన్నారు. తప్పు జరిగిందన్న మాట మాత్రం ఆయన నోటి నుంచి రాలేదు.

రెండో విడతలో పెట్టాను. అప్పటికి క్యాంపస్ సీట్లు నిండిపోయాయి. వచ్చిన సీటులో చేరనని చెప్పి ఇంట్లో కూర్చున్నాను. పొగరని కొందరు బంధువులన్నారు. మళ్ళీ చదివి, మళ్ళీ రాశాను. ఈసారి ర్యాంకు కాస్త వెనక్కి పోయింది. అయినా అన్ని క్యాంపస్‌లలో కిందటేడు ఆఖరి సీట్లు ఏ ర్యాంకులకి వచ్చాయో వెతికి, కాగితం మీద రాసుకుని, ఆప్షన్లు నా చేత్తో పెట్టుకున్నాను. మొదటిది రాలేదు. రెండోదీ రాలేదు. ఎక్కడో దూరాన ఉన్న మూడోది వచ్చింది. పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాను. రాని వాటి గురించి నాకు ఏ బాధా లేదు.

నా కోపమంతా ఆ పోయిన సంవత్సరం గురించి కూడా కాదు. వాళ్ళ క్లాసు గదులు నిండాలి. ఆ మాట పైకి అనలేక, నాకు అర్హత లేదన్నట్టు చెప్పారు. చెప్పిన మనిషి లెక్క చూడలేదు, చూడాలని కూడా అనుకోలేదు. "మనలాంటి వాళ్ళు" అన్నారే, ఎవరు మనలాంటి వాళ్ళు? నా ర్యాంకు కంటే ముందు మా ఊరు, మా నాన్న చెప్పులకంటిన చెరువు బురద ఆయన కళ్ళకు కనబడ్డాయి. దానికి అనుభవమని పేరు పెట్టుకున్నారు. ఆ వరసలో నా వెనక నిలబడ్డ వాళ్ళలో ఎంతమందికి ఇలా జరిగిందో ఇప్పటికీ వాళ్ళకే తెలియదు.

ఇప్పుడు నేనూ ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఈమధ్య దెందులూరు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి ర్యాంకు కార్డు పట్టుకుని వచ్చింది. ఇద్దరం కిందటేటి జాబితా తెరిచి వరసగా చూశాం. ఆ పిల్ల కోరుకున్న క్యాంపస్‌లో ఆఖరి సీటు తన ర్యాంకు కంటే చాలా ముందే ఆగిపోయింది.

"ఇది రావడం కష్టమమ్మా" అన్నాను. "ఈ రెండింట్లో రావచ్చు."

కళ్ళు తుడుచుకుంది. "అయినా అది ముందు పెట్టుకోనా మేడమ్?"

"పెట్టుకో. దానివల్ల మిగతావాటికి నష్టం లేదు."

నా ఎదురుగానే, తన ఫోన్లోనే పెట్టుకుంది. అది రాలేదు, రెండోది వచ్చింది. చేరే ముందు రోజు వచ్చి, హాస్టల్‌కి ఏమేం తీసుకెళ్ళాలో అడిగి రాసుకుని వెళ్ళింది.