తలకట్ల మీద గీత

ఈ హిందీ ఊళ్లో రైల్వే ఆఫీసు నుంచి రిటైరయ్యాక నాకు పట్టుకున్న వ్యసనం పాత అచ్చు అక్షరాలు. అరుదైన తెలుగు పుస్తకాలను పుట పుటా ఫొటో తీసి ఇంటర్నెట్లో పెడుతున్నారని తెలిసిన దగ్గర్నుంచి, పొద్దున్న కాఫీ కాగానే టాబ్ ముందు కూర్చునేవాణ్ణి. ఆ పుస్తకాలు చదివేవాణ్ణని కాదు. పుటను వేళ్లతో పెద్దది చేసి, ఏ అక్షరాన్ని ఎలా పోతపోశారో, ఎక్కడ సిరా ఎక్కువై సున్నాల కడుపులు పూడిపోయాయో చూసి, డైరీలో బొమ్మలు గీసుకునేవాణ్ణి.

"ఏటండీ, మనిషిని పలకరించకుండా ఎముకలు చూసే డాక్టర్లాగ!" అనేది మా ఆవిడ.

ఆ రోజుల్లోనే మా బావమరిది ఉర్లాలో ఇనుప ఫ్యాక్టరీ ఉద్యోగం మానేసి, ఊరి చివర లారీలు తిరిగే టాటీబంధ్ దగ్గర రోడ్డు పక్కన భోజనాల మెస్ తెరిచాడు. ఆంధ్ర నుంచి వచ్చే లారీల మీదే అతని ఆశంతా. పప్పు, పులుసు, గోంగూర అన్నీ వండి పెట్టుకున్నాడు గానీ, ఆ సంగతి డ్రైవర్లకు తెలిసేదెలా? బోర్డు హిందీలో ఉంది. దసరాలోగా గిరాకీ పుంజుకోకపోతే మళ్లీ ఆ కొలిమి దగ్గరికే పోవాలి.

"బావా, ఎప్పుడూ ఆ అక్షరాలతోనే కూకుంటావు కదా, ఓ తెలుగు బోర్డు రాయించు. దూరం నుంచే కనపడాల," అన్నాడు.

ఇంతకన్నా నాకేం కావాలి! మెస్సుకు 'మన వంట' అని పేరు ఖాయం చేశాం. బొద్దు అక్షరాల పాత పుస్తకం ఒకటి ఎంచుకుని, ఒక పుటలో 'మ', ఇంకో పుటలో 'న' ఏరాను. 'ట' మాత్రం ఎక్కడ చూసినా తోక విరిగే ఉంది. మంచిది దొరికేసరికి వారం పట్టింది. ఆ అచ్చులో తలకట్లు పక్కకు పొడుగ్గా సాగి భలే దర్జాగా ఉంటాయి. అన్నీ కాగితం మీద వరసగా పేర్చి, పండరీ బజారులో బట్టల కొట్లకు బోర్డులు రాసే పెయింటరుకి ఇచ్చాను. అతనికి తెలుగు రాదు, చెయ్యి మాత్రం మహా నిలకడ. నాకు జ్వరం రావడంతో బోర్డు నేరుగా టాటీబంధ్ వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు బావమరిది ఫోను.

"బావా, నీ బోర్డు చూసి ఒకే ఒక్క లారీ ఆగింది. డ్రైవరు నాసిక్ వాడు. మరాఠీ హోటలనుకుని పోహా అడిగేడు!"

వెళ్లి చూశాను. 'మన వంట' నెత్తిన ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే నల్లగీత. పాపం సున్నా కూడా దాని కిందే వేలాడుతోంది. దూరం నుంచి చూస్తే అచ్చం దేవనాగరి.

పెయింటర్ని పిలిపించాం. "ఊపర్ కే లకీర్ టూటే రిహిస్ బాబూజీ, మంయ్ జోడ్ దేంవ్," అన్నాడు ఉత్సాహంగా. పైగీత ముక్కలు ముక్కలుగా ఉంటే, ప్రింటులో చెడిందనుకుని పాపం ఉచితంగా కలిపేశాడు! హిందీ అక్షరాలన్నీ ఒకే తీగ మీద ఆరేసిన బట్టల్లా ఉంటాయి మరి.

"వీడి జోడింపు తగలెయ్య! నా మెస్సు మూతపడిపోద్ది," అని బావమరిది తల పట్టుకున్నాడు.

టాబ్ తెరిచి అసలు పుటలు చూపించాను. పెయింటరు ఒక్కో తలకట్టునూ వేలితో పెద్దది చేసుకుంటూ చూశాడు. "అచ్ఛా! హర్ ఏక్ కే అలగ్ టోపీ!" అని పకపకా నవ్వి, అక్కడికక్కడే నిచ్చెన వేసుకుని, అక్షరానికీ అక్షరానికీ మధ్యా, టోపీ లేని సున్నా, 'ట'ల మీదా ఉన్న గీతను బోర్డు పసుపు రంగుతోనే కప్పేశాడు. ఎవరి టోపీ వాళ్లకు మిగిలింది.

రంగు ఆరీ ఆరకముందే రోడ్డవతల ఓ లారీ ఆగింది. దిగిన డ్రైవరు బోర్డు కేసి చూస్తూ వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు.

"ఏ ఊరన్నా మీది? ఆ రాత చూస్తే మా తాత పుస్తకాలు గుర్తొచ్చాయి. చాలా పాత హోటలనుకుంటా?"

మెస్ తెరిచి మూడు నెలలు కాలేదు. బావమరిది నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను.

"మా నాన్నగారి కాలం నుంచీ ఉంది బాబూ," అని చెప్పి, బావమరిది అతని అన్నం మీద మరో గరిటె పప్పు పోశాడు.