అంబలి వాసన

వీధి పొడవునా పరచిన పడుగు ఇప్పటికీ నా కలలోకి వస్తుంది. తెల్లవారుజాము మంచులో వేల నూలు పోగులు, నేలకు నడుమెత్తున, కదలని నీళ్ళలా మెరుస్తుంటాయి. అవతలి కొస కనిపించదు. అక్కడెక్కడో నర్మద నడుస్తున్నట్టు గాజుల చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

నర్మద నా భార్య. హుజూరాబాద్‌కు మూడు కోసుల దూరంలోని మా ఊరికి, పోలీసు చర్య జరిగిన మరుసటేడు కోడలిగా వచ్చింది. మగ్గం నేయడం ఆమెకు అంతంతమాత్రమే. అంబలి కాచడంలో మాత్రం మా నేతవాడంతా ఆమె వైపే చూసేది. మగ్గం మీద పోగులు తెగకుండా ఉండాలంటే ముందుగా పడుగుకు పులిసిన జొన్న అంబలి పట్టించి, ఆరేలోపు కుంచెతో దువ్వాలి. ఒక ఇంటితో అయ్యే పని కాదది. పది మంది కావాలి.

ఆ పది మందినీ ఎవరూ పిలిచేవారు కాదు. నర్మద వీధిలో మూడు రాళ్ళు పెట్టి అంబలి కాచేది. ఆ పుల్లటి వాసన ఇంటింటికీ పోయేది. ఒక్కో తలుపూ తెరుచుకునేది. వచ్చినవాళ్ళు ఎక్కడ చెయ్యి తక్కువగా ఉందో చూసి అక్కడ నిలబడేవారు. ఒకరు అలసిపోతే కుంచె పక్కవారి చేతిలోకి పోయేది. తెగిన పోగు దగ్గర ఎవరుంటే వారు అతికేవారు. కొంగల బారు ఆకాశంలో మలుపు తిరిగినట్టు పని తనంతట తానే సాగేది.

యాభై ఆరులో చేనేత సహకార సంఘం పెట్టుకున్నాం. ఏడో తరగతి చదివానని నన్ను కార్యదర్శిని చేశారు. మొదటి పని, గడువులోగా నూరు చీరలు. అది తప్పితే సంఘం లేదు. సంఘం లేకపోతే షోలాపూర్ మిల్లుకు పోతానని నా తమ్ముడు రాయమల్లు ట్రంకుపెట్టె సర్దుకుని ఉన్నాడు. తల్లి లేని వాణ్ణి పన్నెండో ఏట నుంచి నర్మదే పెంచింది. ఆమె రోజూ ఆ పెట్టె మీద ఉతికిన బట్టలు మడిచిపెట్టేది, మూత తీయడానికి వీల్లేకుండా.

నేనేమో అంతా పద్ధతిగా జరగాలనుకున్నాను. కాగితం మీద పేర్లు రాసి గోడకు అంటించాను. కుంచె బుచ్చిరాములు, అతుకు రాయమల్లు, పడుగు కొసల్లో బిగించి పట్టే కర్రలు గట్టయ్య మామ. అంబలిలో దుమ్ము పడుతోందని పొయ్యిని సంఘం ఇంటి వెనక పెరట్లోకి మార్పించాను.

"గోడ ఎనక కాస్తె ఎవలకు తెలుస్తది?" అంది నర్మద.

"పేర్లు రాసినం గదా," అన్నాను.

సగం నూలుతో మొదటి పడుగు పరిచిన రోజు బుచ్చిరాములుకు జ్వరం. అంబలి పట్టించడం అయింది. ఇంతలో పడమటి గాలి లేచింది. కుంచె అరుగు మీదే ఉంది.

"జర కుంచె అందుకో మామా," అంది నర్మద.

"నాకు కర్రలు రాసిండు నీ మొగడు," అన్నాడు గట్టయ్య మామ. "కుంచె ముట్టుకుంటె ఊకుంటడా?"

"నాది అతుకుడే వదినె. కాయితం చూడు," అన్నాడు రాయమల్లు.

ఎదురింటి సమ్మవ్వ గడపలోనే నిలబడి చూస్తోంది. "మమ్ముల రాయనే రాయలే గద బిడ్డా. రావద్దన్నరేమో అనుకున్న."

నర్మద పరుగున పోయి కుంచె పట్టింది. రెండు చేతులతో ఎంతని దువ్వుతుంది? పోగులన్నీ జడలు కట్టుకుపోయి ఆ నూలంతా పనికిరాకుండా పోయింది. ఆ సాయంత్రం రాయమల్లు పెట్టె మీది బట్టలు తీసి పక్కన పెట్టాడు.

"రేపు పొద్దుగాల బస్సుకు పోత వదినె."



మరునాడు చీకటి విడుస్తుండగా నర్మద పెరట్లో నుంచి మూడు రాళ్ళూ మోసుకొచ్చి వీధిలో పెట్టింది. మిగిలిన నూలు పడుగును నేనూ ఆమే పరిచాం.

"ఎవల్ని పిలువాలె?" అని అడిగాను.

"ఎవల్నీ వద్దు. నువ్వు జర ఊకుండు."

కుండలో అంబలి ఉడికింది. వాసన మంచులో కలిసి మెల్లగా వాడంతా పాకింది. ముందు సమ్మవ్వ తలుపు చప్పుడైంది. ఆ వెనక గట్టయ్య మామ దగ్గు వినిపించింది.

"కార్యదర్శి సాబ్, కర్రలే పట్టాల్నా, ఇంకేమన్న పట్టనిస్తవా?"

సమ్మవ్వ ఫక్కున నవ్వింది. కుంచె మామ చేతిలోకి పోయింది.

రాయమల్లు పెట్టె భుజాన పెట్టుకుని పడుగు పక్కనుంచే నడిచాడు. బస్సుకు వేరే దారి లేదు. నడుమ ఒకచోట పోగు తెగి వేలాడుతోంది. దగ్గరలో ఎవరూ లేరు. కాసేపు నిలబడ్డాడు. పెట్టె అరుగు మీద పెట్టి పోగు అతికాడు. ఈలోగా దగ్గు తెర రావడంతో మామ కుంచె చాపాడు. రాయమల్లు అందుకున్నాడు. తడి పడుగు మీద కుంచె పట్టినవాడు మధ్యలో వదిలిపోలేడు. ఊరి బయట బస్సు హారను వినిపించింది. అతను తలెత్తలేదు. నర్మద కొంగుతో కళ్ళు తుడుచుకుంది, పొగకేమో.

యాభై చీరలు గడువుకు ఇచ్చాం. మిగతావాటికి మరో నెల గడువు దొరికింది. సంఘం నిలబడింది. రాయమల్లు పెట్టెలో నర్మద జొన్నపిండి పోసి పెట్టుకుంది.

పోయిన వానాకాలం చివర నర్మద చనిపోయింది. నెల తిరిగాక రాయమల్లు ఇంటి ముందు పడుగు పరిచారు. అంబలి కాచేవారు లేరు. ఆ మూడు రాళ్ళూ నేనే వీధిలో పెట్టాను. పిండి ఎంత, నీళ్ళు ఎన్ని, నాకేం తెలుసు. ఉండలు కట్టింది. అడుగంటిన వాసన మంచులోకి పోయింది.

సమ్మవ్వ చేతికర్ర పొడుచుకుంటూ వచ్చింది. "మాడుతాంది బిడ్డా," అని నా చేతిలోని తెడ్డు తీసుకుంది.

నేను వీధి పొడవునా చూశాను. ఒక్కో తలుపూ తెరుచుకుంటోంది. అవతలి కొసన కర్ర దగ్గర ఎవరూ లేరు. పడుగు వెంట నడుచుకుంటూ అక్కడికి పోయి కర్ర పట్టుకున్నాను.