పాకం పూసిన మట్ట

నా చిన్నప్పుడు తమిళనాడులో కోవిల్‌పట్టి చుట్టుపక్కల పిల్లలకు నడక వచ్చీ రాగానే చేతికి ఒక మట్ట వచ్చేది. హాకీ కర్రను మా వైపు మట్ట అనే అంటారు. మా నాయన పుట్టినప్పుడు మంత్రసాని ముందు ఆయన చేతికి మట్ట ఇచ్చి, ఆ తర్వాతే మా అవ్వకు చూపించిందని నేను చాలామందికి చెప్పాను. కొందరు నమ్మారు కూడా.

మా క్లబ్బు ఆస్తి అంతా కలిపి అగ్గిపెట్టెల కంపెనీ వెనక ఒక నల్లరేగడి మైదానం, రెండు గోలు పోస్టులు, మట్టలు పెట్టుకునే ఒక కొట్టుగది. పొద్దున ఆట మొదలయ్యే ముందు చిన్నా పెద్దా అందరూ వరసగా వంగి మైదానంలో రాళ్లు ఏరాలి. ఎంత గొప్ప ఆటగాడైనా ఏరాల్సిందే. కంపెనీలో పనిచేసే ఆడవాళ్లు పనికి పోతూ గట్టు మీద కాసేపు నిలబడి, ఎవరు ఆడుతున్నారో ఎవరు ఊరికే ఎగురుతున్నారో తీర్పు చెప్పి పోయేవాళ్లు. ఆ తీర్పుల్లో నాది ఎప్పుడూ రెండో స్థానం. మొదటిది మా చిన్నాయన కొడుకుది.

వాడు నాకంటే మూడు నెలలు చిన్న. ఒకే ఇంట్లో పెరిగాం. వాడు నన్ను నోరారా "అన్నా" అని పిలిచేవాడు. అదొకటి ఇంకా మంట. శత్రువు మర్యాదగా ఉంటే కొట్టడానికి సాకు కూడా దొరకదు. బంతి వాడి మట్ట వెంట కుక్కపిల్లలా నడిచేది. నా మట్టను చూస్తే మాత్రం, సూది పట్టుకున్న నర్సమ్మను చూసిన పిల్లాడిలా పారిపోయేది. అన్నాల దగ్గర అవ్వ వాడి పళ్లెంలో నెయ్యి వేసేటప్పుడు గరిటె ఎంత వంగిందో, నా పళ్లెం మీద ఎంత వంగిందో నేను రోజూ చూసుకునేవాణ్ణి.

ఆ ఏడు విరుదునగర్‌లో చిన్నపిల్లల పోటీ పెట్టారు. మా జట్టులో పదిమంది ఖాయమయ్యారు. ముందు వరసలో కుడివైపున ఒక్క చోటు మిగిలింది. దానికి మేమిద్దరం. ఆదివారం పొద్దున తేలుస్తానన్నాడు మామ. ఆయన మా అమ్మకు అన్న, ఒకప్పటి గోల్‌కీపరు, పిల్లల జట్టుకు పెద్ద. బతుకుతెరువుకు మాత్రం బజారులో వేరుశనగ మిఠాయి చేసేచోట బెల్లం పాకం పట్టేవాడు.

గురువారం రాళ్లు ఏరుతూ పక్కవాడి చెవిలో ఒక మాట వేశాను. మా వాడు మట్ట వంపుకు మిఠాయి పాకం పూసుకొస్తాడని, అందుకే బంతి దాన్ని వదలదని. రెండోవాడికి చెప్పేసరికి ఆ పాకంలో ఏలకులు కూడా పడ్డాయి. మధ్యాహ్నానికి బడి అంతా తెలిసింది, మర్నాటికి గట్టు మీది ఆడవాళ్లకూ చేరింది. శనివారం ఆటలో అవతలి పిల్లలు వాణ్ణి దొంగ అని అరిచారు. వాడు ఇంటికొచ్చి మట్టను తిప్పి తిప్పి చూసుకుని, ఇసుక వేసి తోమడం మొదలుపెట్టాడు. వాడు తోముతుంటే నేను నీళ్లు పోశాను. అంత దుర్మార్గం నాలో ఉందని నాకే తెలియదు. కాస్త గర్వంగా కూడా అనిపించింది.

ఆదివారం మామ మూత బిగించిన స్టీలు డబ్బా ఒకటి పట్టుకుని వచ్చాడు. ఆ మాట ఎవరి నోట పుట్టిందో అప్పటికే ఆరా తీశాడు. ఇంట్లో తెలుగే అయినా, మైదానంలో మేమందరం తమిళమే అరిచేవాళ్లం. మామ ఎవరినైనా తిట్టదలచుకుంటేనే తెలుగులోకి దిగేవాడు. ఆ రోజు తెలుగులోనే మొదలుపెట్టాడు, అదీ చాలా తీయగా.

"ఏమిరా అల్లుడా, పాకం పూస్తే బంతి అంటుకుంటాదంట గదా? ఇన్నేండ్లుగా ఆ పొయ్యికాడ సస్తాండానే, నాకు తట్టలేదు సూడు. నీ మట్ట ఇట్లియ్యి."

జీవితమంతా పాకం పట్టిన మనిషి దగ్గర పాకం గురించి అబద్ధమాడానని నాకు అప్పుడు వెలిగింది. ఆయన నా మట్టకు వంపు నుంచి పిడి దాకా శ్రద్ధగా పూశాడు. నన్ను మైదానంలోకి తోలాడు. బంతి అంటుకోలేదు. నల్లమన్ను అంటుకుంది, గడ్డిపరకలు అంటుకున్నాయి, ఎక్కడి నుంచో ఒక కోడి ఈక వచ్చి అంటుకుంది. పది నిమిషాల్లో నా మట్ట చివర ఒక పందికొక్కు తయారైంది. మట్టను ఎత్తలేను, చేతికి అతుక్కుపోయిన పిడిని వదలలేను. ఆ వాసనకు, కోవాకు పేరుపడ్డ శ్రీవిల్లిపుత్తూరులో పాలకోవా మీద వాలిన ఈగలు కూడా దాన్ని వదిలేసి బయలుదేరాయి.

"యప్పా, మట్టకు గెడ్డం మొలిసిందే!" అంది గట్టు మీంచి మా వీధి అక్క ఒకామె. మైదానం మొత్తం నవ్వింది.

మా వాడు నవ్వలేదు. నా చేతిలోంచి మట్ట విడిపించి కొళాయి దగ్గరికి తీసుకెళ్లి కడిగాడు. కడుగుతూ ఒక్కటే అడిగాడు. "ఏలకులు ఏంటికన్నా ఏసినావు?"

చోటు వాడికే వచ్చింది. నాకు మామ వేరే పని ఇచ్చాడు. "మీ అవ్వ కాలునొప్పితో రాలేదు. నువ్వు గీత పక్కన కూసోని వాడి ఆట సూడు. ఇంటికొచ్చి ఆమెకు సెప్పు. ఒక సిటికె ఎక్కువ సెప్పినా, తక్కువ సెప్పినా, మళ్లా మట్ట ముట్టుకోవద్దు." ఎక్కువ చెప్పకుండా ఉండటం కష్టమే. తక్కువ చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో విరుదునగర్‌లో తెలిసింది.

అంతవరకూ నేను చూసింది వాడి మట్టను మాత్రమే. ఆ రోజు మొదటిసారి వాణ్ణి చూశాను. బంతి రాకముందే వాడు భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూస్తాడు. ఎవరెక్కడున్నారో అప్పుడే చూసి పెట్టుకుంటాడు. ఆట చివర్లో రెండు జట్లూ సమానంగా ఉన్నప్పుడు కుడి అంచున వాడికి బంతి దొరికింది. ముగ్గురిని దాటాడు. ఒళ్లు ఎడమకు వంగింది, బంతి కుడికి పోయింది. గోల్‌కీపరు మీదికొస్తే గట్టిగా కొట్టలేదు, ఆ కీపరు కాళ్ల మధ్యగా మెల్లగా తోశాడు. నా పక్కనే ఎవరో పెద్దగా అరిచారు. అరిచింది నేనేనని కాసేపటికి అర్థమైంది. కడుపులో మంట మాత్రం అట్లాగే ఉంది.

సాయంత్రం ఇంటిల్లిపాదీ అవ్వ చుట్టూ కూర్చున్నారు. నేను చెప్పడం మొదలుపెట్టాను.

"ముగ్గురినా?" అంది వాణ్ణి కన్న మా చిన్నమ్మే. "నువ్వు సెప్పినావంటే ఒకడై ఉంటాడు."

"గోలు కొట్టినాడా, గోలుకాడికి పోయి వచ్చినాడా? నిజం సెప్పు కన్నా," అంది అవ్వ. అందరూ ఒకటే నవ్వు. మా వాడు సిగ్గుతో స్తంభం వెనక్కి జరిగాడు.

నాకు ఒళ్లు మండింది. మూడు చెంబులు తెచ్చి వరసగా నిలబెట్టాను. రోకలిని గోల్‌కీపరును చేశాను. నిమ్మకాయ కింద పెట్టి, గరిటె పట్టుకుని, వాడు ఎట్లా వంగాడో, ఎట్లా తోశాడో చూపించబోయాను. మొదటి చెంబు దగ్గరే నిమ్మకాయ జారి మంచం కిందికి దొర్లింది. మళ్లీ తెచ్చాను. మళ్లీ దొర్లింది.

"నాకు రాదు! వాడికే వస్తాది! వాడు నిజంగా సేసినాడు!" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చేశాను.

అప్పుడు నమ్మారు. చిన్నమ్మ స్తంభం దగ్గరికి వెళ్లి కొడుకు తల నిమిరింది. నేను ఏడ్చింది వాళ్లు నమ్మనందుకో, నాకు ఆ విద్య రానందుకో ఈ రోజుకీ తేల్చుకోలేదు.

నాకు నలభై దాటి చాలా ఏళ్లయింది. ఎవరి పనితనమైనా చూసి కడుపు మండినప్పుడు, ముందు దాన్ని ఉన్నది ఉన్నట్టు ఇంకొకరికి చెప్పి చూస్తాను. మంట తగ్గదు, కానీ ఆ మనిషిని సరిగా చూశానో లేదో చెబుతుంటేనే తెలిసిపోతుంది. నేను చెప్పే కథల్లో ఏనుగులు ఎగురుతాయి, బస్సులు ఈదుతాయి. విరుదునగర్ ఆట చెప్పమంటే మాత్రం, నాలుగోవాణ్ణి కలపమని నాలుక ఎంత గుంజినా, ముగ్గురే అంటాను.