అత్తారింటికి వెళ్లిన జనరేటర్

2003లో నేను దుమ్ముగూడెం అవతలి అడవి పల్లెల్లో వైరింగ్ పనులు చేసేవాడిని. బడి చదువు ఏడో తరగతితో ఆగింది, మిగతాది స్తంభాలే నేర్పాయి. ఆ ఏడు, కరెంటు లైను చేరని ఒక గూడేనికి కానుగ నూనెతో నడిచే జనరేటర్ వచ్చింది. గింజలు ఏరి నూనె పట్టించేది అక్కడి మహిళా సంఘమే. జీపు అంతవరకే వస్తుందని దాన్ని రోడ్డు పక్కన బడి దగ్గర దింపి, కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టారు. అక్కడి నుంచి గూడెం చివరిదాకా తీగ లాగింది నేనే.

బల్బులన్నీ వెలిగాయి. చిక్కు తెల్లారి బయటపడింది. సంఘం పెద్ద సీతమ్మ ఇంటి పక్కన కొత్తగా పిండి గిర్ని పెట్టారు. అది తీగకు ఆ చివర. స్విచ్ వేస్తే మోటారు మూలిగిందే తప్ప తిరగలేదు. జొన్నలు పట్టించడానికి ఆడవాళ్లు గోదావరి ఒడ్డు ఊరిదాకా నెత్తిన మోసుకుపోయేవారు. వారంలో నడవకపోతే గిర్నిని వేరే గూడేనికి పంపుతామని ఇచ్చినవాళ్లు చెప్పి వెళ్లారు.

మోటారు విప్పి చూశాను, బాగానే ఉంది. వోల్టేజి, అంటే కరెంటును తోసే బలం, చాలడం లేదనుకుని జనరేటర్ దగ్గర కాస్త పెంచాను. గిర్ని మూలుగుతూనే ఉంది గానీ బడిలో రెండు బల్బులు టప్పున పోయాయి. పంతులు బయటికి వచ్చి, "ఏంది వెంకన్నా, వెలిగియ్యనీకి వచ్చినవా, ఆర్పనీకి వచ్చినవా?" అన్నాడు.

సిగ్గుపడి స్తంభాల వెంట నడిచాను. ఒక్కో స్తంభం దగ్గర బల్బు తగిలించి, గిర్ని స్విచ్ వేయమని కేక పెట్టాను. బడి దగ్గర బల్బు చలించలేదు. పోనుపోను కునికింది. చివరికి నిప్పురవ్వంత మిగిలింది. పొడుగు కాలువ నీళ్లు చివరి మడికి చేరేలోపు ఇంకినట్టు, తీగ పొడుగునా వోల్టేజి తరుగుతోంది. బల్బులది చిటికెడు లోడ్, అంటే అవి లాగే కరెంటు. గిర్నిది గంపెడు. జనరేటర్ ఉండాల్సింది గిర్ని పక్కన.

ఆ మాట చెప్తే గూడెం పెద్ద ఒప్పుకోలేదు. "బొట్టు పెట్టినంక జాగ మార్చొద్దు" అన్నాడు.

సీతమ్మ జొన్నలు చెరుగుతూ తలెత్తకుండానే అంది: "పిల్లకు బొట్టు పెట్టేది ఇంట్ల కూసోబెట్టనీకా పెద్దయ్యా? అత్తగారింటికి పంపనీకే గదా."

పెద్దయ్య గడ్డం గోక్కుని, "అవ్. మరి వట్టిగ పంపుతమా, డోలు పట్టుకరాండ్రి" అన్నాడు.

ఎడ్లబండి మీద జనరేటర్, ముందు డోలు. ఒకావిడ ఒడిబియ్యంలాగా బండిలో దోసెడు కానుగ గింజలు పోసింది. గిర్ని పక్కన దింపి, తీగ కలిపి, పెంచిన వోల్టేజి మళ్లీ తగ్గించి స్విచ్ వేశాను. మోటారు మూలగకుండా తిరిగింది. సీతమ్మ మొదటి పిండి చిటికెడు తీసి జనరేటర్ కుంకుమ పక్కన అద్దింది. నేను బడికి పరుగెత్తాను. అక్కడ కొత్త బల్బు నిలకడగా వెలుగుతోంది. పంతులు మాత్రం ఇంకో రెండు బల్బులు చేతికి అందేలా పెట్టుకుని కూర్చున్నాడు.

అప్పటి నుంచి జనరేటర్ ఎక్కడ దింపాలని ఎవరడిగినా, జీపు ఆగే చోటు చూడను. ఈ ఊళ్లో పిండి పట్టేది ఎక్కడని అడుగుతాను.