ఆగు అనే మనిషి

ఆఫీసులో ఆవిడకి పెట్టిన పేరు పోస్టుమార్టం మేడం. ముఖం మీద అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ, లిఫ్టు తలుపు మూసుకోగానే అనుకుంటారని ఆవిడకి తెలుసు. కోపం తెచ్చుకోవడానికేం లేదు, చేసేది అదే పని. నడుస్తున్న యంత్రం ఉన్నట్టుండి గుడ్లు తేలేస్తే, పోతూ పోతూ తన కడుపులో ఉన్నదంతా ఒక ఫైల్లోకి కక్కి మరీ పోతుంది. దాన్ని డంప్ అంటారు. లక్షల వరసల అంకెలు, అక్షరాలు. వాటిలోకి దిగి, ఎందుకు పోయిందో తేల్చి చెప్పడం, కావలసిన ప్రోగ్రాం రాయడం ఆవిడ ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా ఇదే.

వయసు యాభై మూడు. పెళ్లి మాట ఎత్తేవాళ్లు ఎత్తీ ఎత్తీ నోరు నొప్పెట్టి ఊరుకున్నారు. నాలుగో అంతస్తులో చివరి గది ఆవిడది. రెండు బల్లలు, రెండు కుర్చీలు, ఒక మనిషి. రెండో కుర్చీ మీద సంచి పెట్టుకుంటుంది. ఆ కుర్చీ తీసుకెళ్లిపోతామని ఆఫీసు వాళ్లు రెండుసార్లు వచ్చారు. సంచి ఎక్కడ పెట్టుకోవాలని అడిగి రెండుసార్లూ తిప్పి పంపింది.

కొత్తగా చేరినవాళ్లు ఆ గది ముందు ఆగి బిక్కమొహం వేస్తారు. లోపల మేడం గోడకేసి చూస్తూ ఏదో వల్లిస్తూ ఉంటుంది. పిచ్చి కాదు, అలవాటు. ఆ అలవాటు ఒకప్పుడు రెండో కుర్చీలో కూర్చున్న మనిషి నేర్పింది.

ఇద్దరూ ఒకే వారంలో ఉద్యోగంలో చేరారు. ఒకరు రాసిన ప్రోగ్రాం ఆ రాసినవాళ్లే పైకి చదవాలి, రెండోవాళ్లు కళ్లు మూసుకుని వినాలి. తేడా అనిపించిన చోట "ఆగు" అనాలి. కంటికి మనం రాద్దామనుకున్నది కనిపిస్తుంది, చెవికి మాత్రం రాసిందే వినిపిస్తుంది అని స్నేహితురాలి సిద్ధాంతం. ఆ ఇద్దరిని చూసి ఆఫీసు వాళ్లు, ప్రోగ్రాంలో చేసే ప్రతి మార్పుకీ నింపే కాగితంలో "విన్నవారు" అని ఒక గడి చేర్చారు. పదిహేడేళ్లు ఇద్దరూ ఒకరి గడిలో ఒకరు పేరు రాసుకుంటూ వచ్చారు. మధ్యలో ఆవిడే దగ్గరుండి స్నేహితురాలిని తమ్ముడికిచ్చి పెళ్లి చేయించింది. అప్పటిదాకా ఒసే అన్న మనిషి వెక్కిరింతకి వదినా అనడం మొదలుపెట్టింది. తర్వాత అదే నిలిచిపోయింది.

మాటలు ఆగిపోయి తొమ్మిదేళ్లయింది.

అప్పట్లో ఆవిడ తల్లి ఆసుపత్రిలో మూడు వారాలుంది. తమ్ముడు ఉద్యోగం మీద దూరంగా ఉన్నాడు. సెలవు పెట్టి పగలంతా మంచం పక్కన కూర్చున్నది మరదలైన ఆ స్నేహితురాలే. సాయంత్రాలు ఈవిడ వెళ్లేది, వెళ్లలేని సాయంత్రాలూ ఉండేవి. చివరి రోజున మరదలు ఏడుసార్లు ఫోన్ చేసింది. ఫోను సొరుగులో ఉంది, నోరు నొక్కేసి. ఈవిడ ఒక డంపులో పీకల్లోతు మునిగి ఉంది. ఆసుపత్రికి చేరేసరికి దుప్పటి ముఖం మీదికి లాగేశారు. వరండాలో మరదలు ఒకే మాట అంది.

"చచ్చినవాటి దగ్గర కూర్చునే ఓపిక నీకు బతికున్నవాళ్ల దగ్గర లేదు వదినా."

జవాబుగా ఏదో ఒకటి అనాలని, "నువ్వున్నావు కదా అనుకున్నాను," అంది ఈవిడ. అనకుండా ఉంటే బాగుండేది. మరదలు ఆ వారమే బల్ల మార్చుకుని కింది అంతస్తుకి పోయింది. రెండు నెలలకి ఉద్యోగమే మానేసి, భర్తతో వేరే ఊరు వెళ్లి స్కూల్లో లెక్కలు చెబుతోంది. ఆదివారాలు తమ్ముడు మాత్రం ఫోన్ చేసి, అంతా బాగానే ఉందని అప్పజెప్పినట్టు చెప్పి పెట్టేస్తాడు. వెనక గిన్నెల చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు వినడం కోసం ఈవిడ ఇంకో రెండు అనవసరమైన ప్రశ్నలు వేస్తుంది.

అలాంటి ఆవిడ దగ్గరికి అంబులెన్సుల ఆఫీసు గొడవ వచ్చిపడింది.

ఈ రోజుల్లో ఆఫీసుకో యంత్రం పెట్టరు. ఒక పెద్ద యంత్రాన్ని తీసుకుని, ఇంటిని వాటాలు చేసినట్టు చేసి, పది చిన్న యంత్రాలని అందులో కాపురం పెడతారు. ప్రతిదీ ఇల్లంతా తనదే అనుకుంటుంది. గోడ అవతల ఇంకోటి ఉందని దానికి తెలియదు. అలా అద్దెకున్న వాటిలో అంబులెన్సుల యంత్రం ఒకటి. ఏడు వారాల్లో పదకొండుసార్లు దాని కెర్నెల్, అంటే దాని గుండెకాయ, టక్కున ఆగింది. మళ్లీ లేవడానికి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ అక్కడి వాళ్లు, ఫోన్లో జనం చెప్పిన చిరునామాలు కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నారు. ఎవరి ప్రాణం మీదికీ రాలేదంటే అదృష్టం, అంతే.

ఒక్కో డంపు ఒక్కో కథ చెప్పింది. ఆవిడ యంత్రం భాగాలు మార్పించింది, వేడిని అనుమానించింది, చివరికి తన కళ్లనే అనుమానించి కళ్లజోడు మార్చుకుంది. పదకొండో డంపుని గోడకి చదువుతోంది. అంతా ఖాళీగా ఉండాల్సిన చోటు అది. సున్నా, సున్నా, సున్నా అని చదువుతూ పోతుంటే మధ్యలో మాటలు తగిలాయి. సైకిల్ మరమ్మతు, రెండో ప్రతి, గడువు దాటింది.

"ఆగు," అంది తనకి తనే.

అంబులెన్సుల యంత్రంలో లైబ్రరీ పుస్తకాల జాబితా ఎందుకుంటుంది? ఆరా తీస్తే లైబ్రరీ యంత్రం కూడా ఆ ఇంట్లోనే పక్క వాటా. ఇన్నాళ్లూ ఎవరి గదులు, అంటే యంత్రం మెమరీలో ఎవరి చోటు, వాళ్లవే కాబట్టి పేచీ రాలేదు. ఎప్పుడో రాసిపెట్టి వాడకుండా ఉంచిన పద్ధతిని ఏడు వారాల కిందట వాడుకలోకి తెచ్చారు. ఒకరికి అక్కర్లేని గది ఖాళీ చేయించి, అవసరమున్నవాళ్లకి ఇవ్వడం. మధ్యాహ్నం లైబ్రరీలో సందడి తగ్గగానే దాని గదులు అంబులెన్సులకి వెళ్తున్నాయి. పాత చెత్తతో సహా. ఖాళీ గది అనుకుని అడుగు పెట్టిన కెర్నెల్ ఆ చెత్త మీద కాలు జారి పడుతోంది.

మరి గది ఊడ్చాల్సింది ఎవరు? పాత మార్పు కాగితాలు తీసింది. ఇంటి యజమాని, అంటే పెద్ద యంత్రం, వైపు ప్రోగ్రాం మరదలు రాసింది. అద్దెకుండేవాళ్ల వైపుది తను రాసింది. తల్లి పోయిన వారంలో తనది, మరుసటి వారంలో మరదలిది. రెండు కాగితాల్లోనూ "విన్నవారు" గడి ఖాళీ. పదిహేడేళ్లలో ఎవరూ వినకుండా బయటికి వెళ్లినవి ఆ రెండే.

ఆవిడ చాలాసేపు ఆ రెండు ఖాళీ గడులనే చూస్తూ కూర్చుంది.

పై అధికారికి చెబితే ఆయన తేలిగ్గా తీసేశాడు. మీ వైపు ఊడ్చేయండి, సరిపోతుంది కదా అన్నాడు. ఈ ఒక్కదానికైతే సరిపోతుంది. కానీ ఆ వారం మరదలు రాసినదాంట్లో ఇలా ఇచ్చిపుచ్చుకునే చోట్లు ఇంకా పది ఉన్నాయి. ఒక్కోచోట ఆమె మనసులో ఏం అనుకుని రాసిందో ఆమెకే తెలుసు. అడగకపోతే, ఒక్కోటీ ఎప్పుడో ఒకప్పుడు అంబులెన్సుల యంత్రాన్ని కూల్చేసి తన బల్ల మీదికి డంపై వస్తుంది. అప్పుడు కూడా ప్రాణాలు పోకుండా అదృష్టమే కాపాడాలి.

మూడు రోజులు ఫోను చేతిలోకి తీసుకుంది, పెట్టేసింది. తమ్ముడిచేత అడిగిద్దామా అనుకుంది. వాడికి ప్రోగ్రామంటే టీవీలో వచ్చేదే తెలుసు. నాలుగో రోజు సాయంత్రం నాలుగింటికి, స్కూలు వదిలే వేళ చూసుకుని, తలుపు దగ్గరగా వేసి నంబరు నొక్కింది.

"నేనే," అంది.

"తెలుసు. చెప్పు."

"పని మీద చేశాను."

"పని మీదే చేస్తావు."

అది నిజమే. అంబులెన్సుల సంగతి, లైబ్రరీ సంగతి గబగబా చెప్పేసి, నువ్వు రాసింది చదువుతాను, వింటావా అని అడిగింది. అవతల కుర్చీ జరిపిన చప్పుడు. చదవమంది మరదలు.

మొదటి వరసలు తడబడుతూ చదివింది. పోను పోను పాత వేగం వచ్చింది. మూడో పేజీ మధ్యలో ఉండగా వినపడింది.

"ఆగు."

తొమ్మిదేళ్ల తర్వాత ఆ మాట మరదలి నోట వినేసరికి ఆవిడకి కళ్లు మసకబారాయి.

"ఇక్కడ నువ్వు ఊడ్చి ఇస్తావనుకున్నాను నేను," అంది వదిన.

"తీసుకునేవాళ్లే ఊడ్చుకుంటారనుకున్నా," అంది మరదలు. "నువ్వున్నావు కదా అని."

అన్నాక, అవి ఆసుపత్రి వరండాలో విన్న మాటలేనని ఆమెకీ తెలిసినట్టుంది. స్కూలు ఆవరణలో పిల్లలెవరో పరిగెడుతున్న అలికిడి ఫోన్లోంచి వస్తోంది.

"ఆ రోజు రావాల్సింది నేను," అంది వదిన. "ఫోను సొరుగులో పడేసి కూర్చున్నాను. నువ్వు ఒక్కదానివే ఉన్నావక్కడ."

పరవాలేదని మరదలు అనలేదు. అంటుందని ఈవిడా ఆశపడలేదు.

"చదువు," అంది మరదలు.

చదివింది. మరదలు ఇంకో రెండు చోట్ల ఆగు అంది. ఆ రెండు చోట్లా తప్పే ఉంది. పదకొండు చోట్లూ అయ్యాక, ఇక పెట్టేస్తుందనుకుంటుంటే, మరదలు అడిగింది.

"ఇప్పుడు నీది ఎవరు వింటున్నారు?"

అబద్ధం చెప్పొచ్చు. నాలుగో అంతస్తు నిండా మనుషులున్నారు.

"గోడ," అంది.

అవతల నవ్వో, ముక్కు ఎగబీల్చిన చప్పుడో, తేల్చుకోలేకపోయింది.

"గోడ ఆగు అనదు కదా వదినా," అంది మరదలు. "రేపు నాలుగింటికి చెయ్యి. ఖాళీగానే ఉంటాను."

ఫోను పెట్టేశాక ఆవిడ మార్పు కాగితం తెరిచి, "విన్నవారు" గడిలో మరదలి పేరు ఎక్కించింది. ఉద్యోగం మానేసినవాళ్ల పేరు అక్కడ చెల్లదని పై అధికారి అంటాడు. అననీ. ఇంటికి పోదామని రెండో కుర్చీ మీద సంచి అందుకోబోయి, మళ్లీ వదిలేసి కూర్చుంది. రేపు నాలుగింటికి చదవడానికి ఏదో ఒకటి రాయాలి కదా.