పసుపు, సున్నం, చింతపండు

1949లో, దసరాకు కొద్ది వారాల ముందు, నన్ను సూర్యాపేట నుంచి మిర్యాలగూడలోని ఒక బాలికల బడికి సహాయ ఉపాధ్యాయినిగా బదిలీ చేశారు. నాకిచ్చింది శిశు తరగతి, అంటే ఒకటో తరగతికి ముందు పిల్లలు కూర్చునేది. నిజాం పాలన చివరి రోజుల గొడవల్లో మూతపడిన బడులు అప్పుడప్పుడే తెరుచుకుంటున్నాయి. చాలామంది చిన్నపిల్లల్ని ఇంకా పంపేవారు కారు. అందుకని ప్రధానోపాధ్యాయిని దసరా సెలవుల్లో మమ్మల్నే ఇళ్లకు పంపించింది. ఇంట్లో ఉన్న వస్తువులతో పాఠం చెప్పి, ఆ పద్ధతి తల్లులకూ చూపించాలి. దాన్ని ఇంటి పాఠం అనేవాళ్లం.

కాగితం సులువుగా దొరికే రోజులు కావు. కుండ పెంకుల మీద రంగులు వేయించేవాళ్లం. పసుపు నీళ్లు, సున్నం, నీలిమందు, బొగ్గుపొడి. కుంచెకు బదులు పుల్లకు చుట్టిన గుడ్డపేలిక. పెద్ద చుక్క, చిన్న చుక్క, చిక్కన, పలుచన, లోపల, బయట: ఆ వయసుకు నేర్పవలసిన భావనలు ఇవే.

అలా నేను వెళ్లిన ఒక ఇంటి పిల్ల యాదమ్మ. అయిదేళ్లుంటాయి. గొడవల్లో ఎవరో వచ్చి వాళ్ల నాయన రామయ్యను కాలి మీద నరికారు. ప్రాణం దక్కింది గాని, కాలు ఈడ్చి నడిచేవాడు. ఆనాడు గడప మీద పారిన నెత్తురు ఆ పిల్ల చూసింది. అప్పటి నుంచి ఆ గడప తొక్కదు. పెరటి దారినే రాకపోకలు. దసరాకు వాడంతా గోడల అడుగున జాజు, అంటే ఎర్రమట్టి, పూస్తారు. ఆ పని మొదలైతే వడ్ల గుమ్మి వెనక దాక్కునేది. బడి గోడకూ జాజు పట్టీ ఉంది.

“ఎరుపు సూస్తే వణుకుతది పంతులమ్మా. బడికెట్ల తోలాలె?” అని తల్లి నర్సమ్మ అడిగింది.

ఎరుపు ఊసెత్తకుండా మిగతా రంగులతోనే పాఠం నడపాలనుకున్నాను.

మొదటి రోజు బాగానే సాగింది. రెండో రోజు యాదమ్మ పెంకు నిండా పసుపు పూసి, దాని మీద తెల్ల చుక్క పెట్టబోయింది. సున్నం తగిలిన చోట పసుపు ఎర్రబారింది. పారాణి అలాగే చేస్తారని నాకు తెలుసు; ఆ క్షణంలో మాత్రం తట్టలేదు. పిల్ల పుల్ల వదిలేసి గోడకు అతుక్కుపోయింది. నర్సమ్మ పెంకు బయట పారేయబోతే ఆగమన్నాను. చీర మీద పడిన పసుపు మరక సబ్బుకు ఎర్రబడితే మా ఇంట్లో పులుపు రుద్దేవాళ్లం. కొంచెం చింతపండు పిసికి తెమ్మన్నాను. అది వచ్చేదాకా పిల్ల కళ్లు పెంకు మీదనే ఉన్నాయి.

“గిది మల్ల పసుపైతదా?” అంది.

“అయితది. నువ్వే చేసి సూడు,” అన్నాను.

దగ్గరికి రాలేదు. చెయ్యి బారజాపి పులుసులో ముంచిన పేలికను పిండింది. చుక్క పడిన చోట ఎరుపు విరిగి, లోపలి నుంచి పసుపు తేలింది. యాదమ్మ మెల్లగా కూర్చుని, తనే సున్నం పెట్టింది, ఎరుపు. పులుసు వేసింది, పసుపు. మళ్లీ ఎరుపు, మళ్లీ పసుపు. వాకిట్లో ఉన్న రామయ్య కర్ర పట్టుకుని గడప దగ్గరికి వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండా అక్కడే నిలబడ్డాడు.

“నాయినా, గీ ఎరుపు నేనే చేసిన,” అంది పిల్ల, తల ఎత్తకుండా.

ఆయన కర్ర పక్కన పెట్టి గడప బయటే కూర్చుని చూడసాగాడు.

భయం ఆ పూటే పోలేదు. పండుగనాడు గడపకు పసుపు రాయడానికి తల్లి పక్కన కూర్చుందట. కుంకుమ బొట్లు మాత్రం తల్లినే పెట్టమందట. సెలవుల తరువాత రామయ్య చెయ్యి పట్టుకుని బడికి వచ్చింది. గుప్పిట్లో చింతపండు. గోడ దగ్గర ఆగి జాజు పట్టీ మీద రుద్దింది. రంగు మారలేదు. ఏడుస్తుందేమోనని నేను ముందుకు వెళ్లాను. వేలికి అంటింది వాసన చూసి, “గిది మన్ను ఎరుపు. నేను చేసింది వేరే,” అని నాతో చెప్పి లోపలికి వెళ్లింది.

మేము రంగులకు పేర్లు నేర్పేవాళ్లం. పేరు చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే లెక్క. ఆ తరువాత నా దగ్గర శిక్షణకు వచ్చిన వాళ్లకు పద్ధతి మార్చి చెప్పాను: రంగును పిల్ల తన చేత్తో పుట్టించాలి, తన చేత్తో పోగొట్టాలి, ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చి చూడాలి. పేరు ఆఖరున చెప్పవచ్చు.